పీహెచ్‌డీలో రాయడం, మాట్లాడటం ఎలా నేర్చుకోవాలి?

నల్లగొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీలో చేరినా, మహబూబ్‌నగర్ పాలమూరు యూనివర్సిటీలో చేరినా యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం 3 ఏళ్లు, మామూలుగా గరిష్ఠంగా 6 ఏళ్లు. చాలామంది స్కాలర్లు ముందు చదువు, తర్వాత డేటా అనుకుంటూ రాతను చివరి ఏడాదికి తోసేస్తారు. నష్టమంతా అక్కడే. కాగితం మీద పెడితే తప్ప ఆలోచనలో ఎక్కడ లొసుగుందో బయటపడదు. గడువు మీద పడ్డాక బయటపడితే మళ్లీ ఫీల్డ్‌కు వెళ్లే వీలుండదు. అందుకే కోర్స్‌వర్క్ (పీహెచ్‌డీ మొదట్లో జరిగే తరగతులు) రోజుల్లోనే రాయడం మొదలుపెట్టండి.

పేపర్ మూసేసి నోట్సు రాయండి

చదివిన ప్రతి పేపర్‌కు ఒక పేజీ చాలు. రచయిత అడిగిన ప్రశ్న ఏమిటి, ఎక్కడ, ఎంతమందిని, ఏ పద్ధతిలో చూశారు, ఏం తేలింది, మీకు ఎక్కడ నమ్మకం కుదరలేదు. ఈ చివరి సంగతే రేపు మీ రివ్యూ చాప్టర్‌కు (పాత పరిశోధనలను పరిశీలించే అధ్యాయానికి) ప్రాణం. అది లేకపోతే ఆ చాప్టర్ ‘ఫలానావారు ఇలా అన్నారు, ఫలానావారు అలా అన్నారు’ అని సాగిపోతుంది.

పేపర్ ఎదురుగా పెట్టుకుని రాస్తే అందులోని వాక్యాలు తెలియకుండానే మీ నోట్సులోకి, అక్కడి నుంచి థీసిస్‌లోకి దిగుతాయి. 2018 యూజీసీ నిబంధనల్లో ఇతరుల రాతతో పోలిక 10 శాతం దాకా శిక్ష లేదు. 10 నుంచి 40 మధ్య ఉంటే 6 నెలల్లోపు సరిచేసి మళ్లీ ఇవ్వాలి, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. మాటలు మార్చి ఇచ్చే సాఫ్ట్‌వేర్‌తో శాతం తగ్గించుకోవాలని చూస్తే అర్థం చెడుతుంది, పరీక్షకులకు మొదటి పేజీల్లోనే అనుమానం వస్తుంది. పేజీ నంబరు, సంవత్సరం అప్పటికప్పుడు రాసుకోండి. రిఫరెన్సులను దాచి, వరుసగా పెట్టే జోటెరో అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, మొదటి నెలలోనే నేర్చుకుంటే చివర్లో రిఫరెన్సుల కోసం వెతుకులాట తప్పుతుంది.

వారానికి నాలుగు రోజులు, రోజుకు 250 మాటలు

దేవరకొండ నుంచో గద్వాల నుంచో రోజూ కాలేజీకి బస్సెక్కే లెక్చరర్లకు ఖాళీ రోజంటూ దొరకదు. సెలవులకని దాచుకున్న రాత సెలవుల్లోనూ సాగదు. పొద్దున 40 నిమిషాలు కేటాయించి, మంచిదో చెడ్డదో 250 మాటలు రాయండి. దిద్దడం మరో రోజు. రాస్తూనే దిద్దేవాళ్లు మొదటి పేరా దగ్గరే ఆగిపోతారు.

డిగ్రీ దాకా తెలుగు మీడియంలో చదివి ఇంగ్లిష్‌లో థీసిస్ రాసేవాళ్లు ఒక పని చేయాలి. ఆ రోజు రాయాల్సిన విషయాన్ని ముందు ఫోన్ రికార్డర్‌లో తెలుగులో మూడు నిమిషాలు చెప్పాలి. అక్కడే తడబడితే లోపం ఇంగ్లిష్‌ది కాదు, విషయం ఇంకా తేలలేదన్నమాట. సాఫీగా చెప్పగలిగాక ఇంగ్లిష్‌లో చిన్న చిన్న వాక్యాలతో రాయండి. ఒక వాక్యానికి ఒకే సంగతి.

పేరాను ఇలా దిద్దాలి

ఇలాంటి పేరాలు థీసిసుల్లో తరచూ కనిపిస్తాయి: ‘ఫ్లోరైడ్ ఒక ముఖ్యమైన సమస్య. నల్లగొండ జిల్లాలో అనేక గ్రామాలు దీని బారిన పడ్డాయి. దీనిపై అనేకమంది పరిశోధకులు అనేక అధ్యయనాలు చేశారు.’ మూడు వాక్యాలున్నా చదివినవాళ్లకు కొత్తగా తెలిసిందేమీ లేదు. ‘ముఖ్యమైన’, ‘అనేక’ అన్నచోటల్లా గీత గీసి, అక్కడ అంకెనో, ఊరి పేరునో పెట్టండి:

‘తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మర్రిగూడ మండలంలో బోరునీళ్లు ఈ పరిమితిని దాటినట్లు పాత అధ్యయనాలున్నాయి. మిషన్ భగీరథ వచ్చాక ఇళ్లలో ఏ అవసరానికి ఏ నీళ్లు వాడుతున్నారన్నది ఈ చాప్టర్ పరిశీలిస్తుంది.’

ఇప్పుడు పరిమితి ఎంతో, చోటు ఏదో, మీ ప్రశ్న ఏమిటో మూడూ తెలిసిపోయాయి. రెండో వాక్యానికి రిఫరెన్సు తప్పనిసరి.

గైడ్‌కు 60 పేజీలు ఒకేసారి పంపొద్దు

ఒకేసారి అంత పంపితే అది నెలల తరబడి టేబుల్ మీదే ఉంటుంది. 8 నుంచి 10 పేజీలు పంపి, పైన రెండు ప్రశ్నలు రాయండి: ‘సార్, మూడో పేజీలో శాంపిల్‌ను ఎంచుకున్న కారణం సరిపోతుందా? టేబుల్ ఇక్కడ ఉండాలా, తర్వాతి సెక్షన్‌లోనా?’ అడిగినదానికి జవాబు త్వరగా వస్తుంది. గైడ్ చెప్పిన మార్పుల్లో ఏవి చేశారో, ఏవి ఎందుకు చేయలేదో తర్వాతి డ్రాఫ్ట్‌తోపాటు అరపేజీ రాసి ఇవ్వండి. జర్నల్ రివ్యూయర్లకు జవాబిచ్చేదీ ఈ తీరులోనే. జర్నల్ విషయంలో ఒక్క జాగ్రత్త: డబ్బు కడితే రెండు రోజుల్లో వేస్తామనేవాటి జోలికి పోవద్దు.

ఫీల్డ్‌లో పుస్తకాల తెలుగు పనిచేయదు

పాలమూరు వలస కూలీల మీద పనిచేసేవాళ్లు ‘మీ కుటుంబ వార్షిక ఆదాయం ఎంత?’ అని అడిగితే నోటికొచ్చిన అంకె వస్తుంది. నెల జీతం లేనివాళ్లకు ఏడాది లెక్క ఉండదు. ‘ఈసారి మేస్త్రీ అడ్వాన్స్ ఎంత ఇచ్చిండు? ఎన్ని నెలలకు? అందుల ఎంత పట్టుకున్నడు?’ అని అడిగితే చేతికి వచ్చిందెంతో ఒక్కొక్కటిగా చెబుతారు, లెక్క మీరు కట్టుకోవచ్చు. వయసును బట్టి పెద్దమ్మ, తాత, అన్న అని పలకరించండి, సర్వే ఫారం చూస్తూ గడగడా చదవొద్దు. అసలు సర్వేకు ముందు ఐదారుగురితో ప్రశ్నలు పరీక్షించి, ‘ఏందన్నట్టు?’ అని ఎదురడిగిన ప్రతి ప్రశ్ననూ మార్చండి.

కమిటీ ముందు, వైవాలో (మౌఖిక పరీక్షలో)

2022 నిబంధనల్లో ప్రతి సెమిస్టర్‌లో రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ముందు పని పురోగతి చెప్పాలి. 15 నిమిషాలకు 10 స్లైడ్లు మించొద్దు. స్లైడ్ మీది వాక్యాలే చదివితే కమిటీ వినడం మానేసి తనే చదువుకుంటుంది. టేబుల్ మొత్తం చూపించకుండా మీరు మాట్లాడబోయే రెండు అంకెలే పెద్దగా పెట్టండి. వేరే డిపార్ట్‌మెంట్ స్కాలర్‌ను కూర్చోబెట్టుకుని ఒకసారి రిహార్సల్ చేయండి, ఎక్కడ అర్థం కాలేదో వాళ్లే చెప్పగలరు.

ప్రశ్న అడుగుతుండగానే జవాబు మొదలుపెట్టొద్దు. పూర్తిగా విని, ప్రశ్నను మీ మాటల్లో ఒకసారి అని, అప్పుడు చెప్పండి. దీంతో పొరపాటుగా అర్థం చేసుకుని ఐదు నిమిషాలు మాట్లాడే ప్రమాదం తప్పుతుంది. పరిశోధన పరిధిలో లేనిదాన్ని అడిగితే ‘అది నేను చూడలేదు సార్, నా డేటా ఇక్కడి వరకే’ అని సూటిగా చెప్పొచ్చు. వైవాకు వెళ్లేటప్పుడు మీ థీసిస్ కాపీలో ప్రతి చాప్టర్‌కు, ప్రధానమైన టేబుళ్లకు రంగు చీటీలు అంటించుకోండి. పరీక్షకులు పేజీ నంబరు చెప్పి అడుగుతారు, వెంటనే తీయగలగాలి.