నూట ఇరవై ఓట్లంటే ఎంతమంది? పాత మేయర్ ఎన్నికను పేపర్లలో చదివే పద్ధతి

మా అమ్మ తెనాలిలో టీచరు. ఎన్నికలొచ్చిన ప్రతిసారీ డ్యూటీ పడేది. పోయినేడాది ఆక్లండ్‌లో మా దగ్గర మూడు నెలలు ఉంది. ఒకరోజు ఒనెహంగా బజార్లో నడుస్తూ ఎలిజబెత్ యేట్స్ గురించి చెప్పాను. ఒనెహంగా ఇప్పుడు ఆక్లండ్‌లో ఒక పేట, అప్పట్లో సొంత మేయర్, కౌన్సిల్ ఉన్న విడి పట్టణం. బ్రిటిష్ సామ్రాజ్యంలో మొదటి మహిళా మేయర్ ఆమే. 1893 నవంబర్ 29న ఈ ఊరి జనం ఓట్లేసి గెలిపించారు. ఆమెకు 120, పోటీచేసిన ఫ్రెడరిక్ కోర్ట్ అనే బట్టల వ్యాపారికి 107.

"సరే, అసలు ఓటు ఎవరెవరికి ఉంది?" అంది అమ్మ.

పోలింగ్ బూత్‌లో లిస్టు ముందేసుకుని కూర్చున్న మనిషికి మొదట వచ్చే ప్రశ్న అదే. నాకు ఎప్పుడూ తట్టలేదు. అప్పట్నుంచి ఏ పాత ఎన్నిక గురించి చదివినా ఆ వరసలోనే వెళ్తున్నాను. ఇక్కడ స్థిరపడిన మనవాళ్లకు, వాళ్లుండే ఊరి చరిత్ర పిల్లలకు చెప్పాలనుకునేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

పేపర్లు తెరవకముందే తేల్చుకోవాల్సింది ఒకటుంది: మేయర్‌ని ఎన్నుకున్నది జనమా, కౌన్సిలర్లా? ఇది మనకు కొత్త కాదు. హైదరాబాద్‌లో 2002లో జనం నేరుగా మేయర్‌కి ఓటేశారు, 2021లో కార్పొరేటర్లు ఎన్నుకున్నారు. న్యూజిలాండ్‌లోనూ అంతే. ఆక్లండ్ మొదటి మేయర్ ఫిలిప్ ఫిలిప్స్‌ను 1871లో తోటి కౌన్సిలర్లే ఎన్నుకున్నారు. 1870ల మధ్యలో చట్టం మారాక మేయర్ పదవికి ఏటా పట్టణంలోని ఓటర్లే ఓటేశారు. పదవీకాలం ఏడాదే అన్న సంగతి గుర్తుపెట్టుకోండి, దానితో తర్వాత పనుంది.

ఇప్పుడు అమ్మ ప్రశ్నకు వద్దాం. చాలామంది తడబడేది ఇక్కడే, నేనూ తడబడ్డాను. న్యూజిలాండ్‌లో ఆడవాళ్లకు పార్లమెంటు ఓటు ఇచ్చిన చట్టం మీద 1893 సెప్టెంబర్ 19న సంతకమైంది. వాళ్లు మొదటిసారి ఓటేసిన సాధారణ ఎన్నిక నవంబర్ 28న జరిగింది. ఆ మర్నాడే యేట్స్ గెలిచింది. తేదీలు పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి కొత్త చట్టం వల్లే గెలిచిందని అనిపిస్తుంది. అలా అనుకోకండి. పట్టణ ఎన్నికల్లో ఇంటిపన్ను కట్టే ఆడవాళ్లకు దేశమంతటా 1875 నుంచే ఓటుంది. మేయర్ ఓటు పన్నును బట్టి, పార్లమెంటు ఓటు వయసును బట్టి. రెండు ఓటర్ల లిస్టులూ వేరు. పార్లమెంటుకు పోటీచేసే హక్కు ఆడవాళ్లకు 1919 దాకా రాలేదు. మేయర్ పదవికి మాత్రం యేట్స్ నిలబడగలిగింది.

ఇంకో మెలిక. ఆ కాలపు పట్టణ ఎన్నికల్లో ఆస్తి విలువ పెరిగేకొద్దీ ఓట్లు పెరిగేవి, ఒక్కరికి ఐదు దాకా ఉండేవి. కాబట్టి 120 అంటే 120 మంది అని రాసుకోవద్దు, 120 ఓట్లనే రాయండి. "అయితే పదమూడు ఓట్ల తేడా అంటే ముగ్గురు షావుకార్లు కూడా కావచ్చు" అంది అమ్మ. లెక్క ప్రకారం నిజమే.

ఇక పేపర్లు. న్యూజిలాండ్ జాతీయ గ్రంథాలయం నడిపే పేపర్స్ పాస్ట్ సైట్‌లో న్యూజిలాండ్ హెరాల్డ్, ఆక్లండ్ స్టార్ రెండూ ఉన్నాయి. డబ్బు కట్టక్కర్లేదు. సెర్చ్‌లో ఆమె పూర్తి పేరు కొడితే చాలా వార్తలు జారిపోతాయి. ఆ రోజుల్లో పేపర్లు పెళ్లైన ఆడవాళ్లకు సొంత పేరు వాడేవి కావు. మిసెస్ యేట్స్ అని కొట్టండి. భర్త కెప్టెన్ యేట్స్ పేరుతోనూ వెతకండి. ఆయన ఓడ నడిపిన మనిషి, 1888 నుంచి 1892 దాకా ఇదే ఊరికి మేయర్, ఆరోగ్యం బాగాలేక తప్పుకున్నాడు. ఆమె కథ సగం ఆయన వార్తల్లోనే దొరుకుతుంది.

తేదీల దగ్గర 1893 నవంబర్ మొదలు నుంచి 1894 డిసెంబర్ చివరిదాకా పెట్టండి. రెండు పేపర్లనూ పక్కపక్కన తెరిచి చదవండి. పేజీ ఫోటో నుంచి మెషిన్ చదివి ఇచ్చే అక్షరాలను నమ్మి అంకెలు ఎత్తి రాయొద్దు. అరిగిన అచ్చులో 1, 7 లాంటివి తారుమారవుతాయి. ఫోటోను పెద్దది చేసి కళ్లతో చూశాకే రాసుకోండి. నేను ఒకసారి బద్ధకించి వదిలేసి, రాసిన నాలుగు పేజీలు కొట్టేయాల్సి వచ్చింది.

ఫలితం కనబడగానే ఆపేయకండి. అసలు కథ అక్కడి నుంచే మొదలవుతుంది. ప్రధాని రిచర్డ్ సెడన్ అభినందించాడు. విక్టోరియా రాణి దగ్గర నుంచీ అభినందనలు వచ్చాయి. ఊళ్లో మాత్రం నలుగురు కౌన్సిలర్లు, టౌన్ క్లర్కు వెంటనే రాజీనామా చేశారు. 1894 జనవరి 16న ఆమె ప్రమాణం చేసింది. ఆ తర్వాత కౌన్సిల్ మీటింగుల వార్తలు ఒక్కొక్కటీ చదవండి. గోల చేయడానికే జనం వచ్చిన రోజులున్నాయి, ఆమె ఏం చెప్పినా అడ్డం పడ్డ కౌన్సిలర్లున్నారు. ఆమె మాటతీరు పెత్తనంగా ఉందన్న విమర్శలూ ఉన్నాయి. వాటినీ వదలకుండా రాసుకోండి. పక్క కాలమ్‌లో ఆమె చేసిన పనులు రాయండి: పట్టణం అప్పు తీర్చింది, ఫైర్ బ్రిగేడ్‌ని కొత్త పద్ధతిలో సర్దింది, రోడ్లు, కాలిబాటలు, పారిశుధ్యం బాగుచేయించింది, వైకరాకా శ్మశానం తిరిగి తెరిపించడానికి ప్రభుత్వం వెంటపడింది. ఇదంతా ఏడాదిలోపే. ఆ రెండు కాలమ్‌లు చూస్తున్నప్పుడు నాకు గొంతు పట్టేసింది.

1894 నవంబర్ చివర్లో ఆమె ఓడిపోయింది. చాలామంది అక్కడ పుస్తకం మూసేస్తారు. మీరు సెర్చ్‌లో తేదీలు మార్చుకుని 1899వ సంవత్సరానికి వెళ్లండి. అదే కౌన్సిల్‌లోకి ఆమె సభ్యురాలిగా తిరిగొచ్చింది, 1901 దాకా ఉంది.

చదవడం అయ్యాక ఒక ఆదివారం ఒనెహంగా వెళ్లండి. సెయింట్ పీటర్స్ చర్చి ఆవరణలో భర్త పక్కనే ఆమె సమాధి ఉంది. 1918 సెప్టెంబర్ 6న పోయింది. చివరి ఏళ్లు మానసిక వైద్యశాలలో గడిచాయి. మేం వెళ్లిన రోజు సన్నగా వాన పడుతోంది. అమ్మ గొడుగు నాకిచ్చి, చెప్పులు విప్పి గడ్డిలో కాసేపు నిలబడింది. వెనక్కి వస్తుంటే, "పోలింగ్ రోజు వానేమన్నా పడిందా, ఆ వార్త చూశావా?" అని అడిగింది. ఇంటికొచ్చి ఇద్దరం మళ్లీ నవంబర్ 30 పేపరు తెరిచాం.