8085 కిట్ అమ్మాక "పనిచేయట్లేదు" అని ఫోన్ వస్తే

సమస్య: మీ ఇంట్లో చక్కగా నడిచిన పాత 8085 ట్రైనర్ కిట్ (8085 మైక్రోప్రాసెసర్ మీద ప్రోగ్రామింగ్ నేర్చుకునే బోర్డు) కొన్నవాళ్ల ఇంట్లో మొండికేస్తుంది. డిస్‌ప్లే వెలుగుతుంది గానీ సైన్-ఆన్ మెసేజ్ (ఆన్ చేయగానే కనిపించే అక్షరాలు) ఒకసారి వస్తుంది, ఒకసారి రాదు. రీసెట్ నాలుగుసార్లు నొక్కాలి. అప్పుడు వచ్చినా ప్రోగ్రామ్ మధ్యలో ఆగిపోతుంది.

ఇలా ఫోన్ రాగానే చాలామంది ముందు ఈప్రామ్‌ను (కిట్‌ని నడిపే ప్రోగ్రామ్ ఉండే చిప్), తర్వాత 8279ని (కీబోర్డు, డిస్‌ప్లే చూసుకునే చిప్) అనుమానిస్తారు. దయచేసి ఐసీలు పీకకండి. కిట్ ఆన్‌లో ఉండగానే 8085 కాళ్ల దగ్గర వోల్టేజ్ చూడండి. 40వ పిన్ మీద ఎర్ర ప్రోబ్, 20వ పిన్ మీద నల్ల ప్రోబ్. 4.75 నుంచి 5.25 వోల్టుల మధ్య ఉండాలి. ఎన్నిసార్లు చెప్పినా జనం సప్లై టెర్మినల్స్ దగ్గరే చూసి "ఐదు వోల్టులు వస్తోంది కదా" అంటారు. సప్లై దగ్గర ఎంత ఉందన్నది కాదు, ఐసీకి ఎంత అందుతోందన్నది ముఖ్యం.

కారణం: వైరు. దీనివల్ల నేను చాలా ఇబ్బంది పడ్డాను. కూకట్‌పల్లి నుంచి వచ్చిన ఒక కుర్రాడికి గంటసేపు నడిపి చూపించి, కిట్, సప్లై, ఎఫ్‌ఆర్‌సీ కేబుల్ (పట్టీలా ఉండే వైరు), మాన్యువల్ అన్నీ ఇచ్చాను. రాత్రికి ఫోన్: "అన్నా, డిస్‌ప్లే సరిగ్గ వస్తలేదు." మర్నాడు బోర్డు ఒక్కటే పట్టుకొచ్చాడు. నా బల్ల మీద బాగానే నడిచింది. తీసుకెళ్లాడు, మళ్లీ అదే కథ. రెండు ఐసీలు మార్చాను, రెండు ఆదివారాలు పోయాయి. చివరికి అర్థమైంది: నేను నడిపి చూపించింది నా బెంచ్ సప్లై మీద, పొట్టి లావు వైర్లతో. అతనికి ఇచ్చింది కిట్‌తో వచ్చిన పాత సప్లై, దాని పొడవాటి సన్న వైరు. దాని చివర ఉండే రిలిమేట్ కనెక్టర్ (వైరును బోర్డుకి తగిలించే ప్లాస్టిక్ ప్లగ్) లోపల పిన్నులు నల్లబడి ఉన్నాయి.

నా కిట్ దాదాపు ఒక ఆంపియర్ లాగుతుంది. వైరు, కనెక్టర్ కలిపి 0.4 ఓమ్‌ల నిరోధం ఉంటే చాలు, 0.4 వోల్టు దారిలోనే పోతుంది. సప్లై దగ్గర 5.0, ఐసీ దగ్గర 4.6. కిట్ తీసేసి కనెక్టర్ దగ్గర కొలిస్తే కరెంటు ప్రవహించదు కాబట్టి మళ్లీ 5.0 చూపిస్తుంది. మనల్ని మోసం చేసేది అదే. పైగా డిస్‌ప్లేలో ఎక్కువ సెగ్మెంట్లు వెలిగినప్పుడు వోల్టేజ్ ఇంకా పడుతుంది, అందుకే కాసేపు పనిచేసి కాసేపు చేయదు.

పరిష్కారం: ఒక ప్రోబ్ సప్లై ప్లస్ మీద, ఇంకోటి 40వ పిన్ మీద పెట్టండి. మీటర్ చూపించేది ప్లస్ దారిలో పోతున్న వోల్టేజ్. మైనస్ దారి కూడా సప్లై మైనస్‌కీ 20వ పిన్‌కీ మధ్య అలాగే చూడండి, దాన్ని అందరూ మర్చిపోతారు. ఒక్కోదానిలో 0.1 వోల్టు దాటితే కోఠి గుజరాతీ గల్లీలో కొత్త కనెక్టర్, లావు వైరు కొని అర మీటరుకు మించకుండా వేసేయండి. సప్లైలో ప్రీసెట్ (వోల్టేజ్ సరిచేసే చిన్న స్క్రూ) తిప్పి వోల్టేజ్ పెంచకండి. రేపు ఎవరైనా మంచి వైరు వేస్తే బోర్డుకి ఎక్కువ వోల్టేజ్ వెళ్తుంది.

అమ్మేముందు మీరు ఇచ్చే సప్లై, ఇచ్చే వైరుతోనే అరగంట నడపండి. 5కి 3 కలిపే చిన్న ప్రోగ్రామ్ ఇది: 3E 05 06 03 80 తర్వాత 32, దాని వెంట జవాబు దాచే ర్యామ్ అడ్రస్ (చివరి రెండు అంకెలు ముందు, మొదటి రెండు తర్వాత), చివర 76 కొట్టి రన్ చేయండి. రీసెట్ చేసి ఆ అడ్రస్‌లో చూస్తే 08 ఉండాలి. వైర్లకు +5, గ్రౌండ్, ±12 అని టేప్ మీద రాసి అతికించండి. తిరగేసి పెడితే ఐసీలు పోతాయి.

వోల్టేజ్ బాగుండి కూడా నడవకపోతే, బైక్ మీద కుదుపులకు సాకెట్లలో ఐసీలు లేచి ఉంటాయి, వేలితో నొక్కండి. నికెల్ కాడ్మియం బ్యాటరీ పచ్చగా కారి ఉంటే తీసేసి ట్రాకులు శుభ్రం చేయండి. ఈప్రామ్ పైన ఉండే గాజు కిటికీ మీద స్టిక్కర్ ఊడితే కొత్తది వేయండి. ప్రాసెసర్‌కి క్లాక్ ఇచ్చే క్రిస్టల్ పోవడం బాగా అరుదు. 6.144 మెగాహెర్ట్జ్ క్రిస్టల్‌కి 8085 37వ పిన్ మీద అందులో సగం, 3.072 మెగాహెర్ట్జ్ వస్తే దాని జోలికి వెళ్లక్కర్లేదు.