పుస్తకం తీయగానే చెవులు మూసుకునే పిల్లలకి చదువు చెప్పేటప్పుడు

మా ఇంటికి ట్యూషన్‌కి వచ్చే మూడో తరగతి బాబు రెండు లైన్లు చదవగానే చెవులు మూసుకుని లేచిపోయేవాడు. బద్ధకం అనుకుని నేనూ కసిరాను. ఆ సంగతి గుర్తొస్తే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. పక్క గదిలో మిక్సీ మోత, చొక్కా మెడ దగ్గర గుచ్చుకునే లేబుల్, ఈ రెండూ వాడికి భరించలేనంతగా ఉండేవి. చదవలేని పిల్లలందరూ ఇలా ఉండరు. కొందరికి మాత్రం చదవలేకపోవడం, ఇలా చప్పుడూ స్పర్శా భరించలేకపోవడం, రెండు ఇబ్బందులూ కలిసి వస్తాయి.

అందుకే ముందు ఒక వారం ఏమీ మార్చకుండా గమనించండి. చదువు మధ్యలో ఎన్ని గంటలకి లేచిపోయాడు, అప్పుడు ఏం చప్పుడు అవుతోంది, ఒంటి మీద ఏ బట్టలున్నాయి, అన్నీ నోట్‌బుక్‌లో రాసుకోండి. తర్వాత రోజుకి ఒక్కటే మార్చండి. అన్నీ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. మా వాడికి లేబుల్ కత్తిరించాం, కూర్చునే చోటు వంటింటికి దూరంగా మార్చాం. కుదురుగా కూర్చోలేని పిల్లలైతే నిలబడి చదవనివ్వండి, మధ్యలో బిందెతో నీళ్లు తెమ్మనండి.

ఇక అక్షరాలు. అక్షరాభ్యాసంలో దిద్దించినట్టే పళ్లెంలో బియ్యం పోసి వేలితో రాయించండి. ‘వ’ రాయించి, చెయ్యి ఎత్తకుండా కుడివైపు తోక తిప్పితే ‘మ’ అవుతుందని చూపించండి. ‘వు’ని ఆ రోజు ముట్టుకోవద్దు, పిల్లలు ఎక్కువగా తడబడేది అక్కడే. రాస్తూ ఆ శబ్దం పైకి పలకాలి. మా వాడికి బియ్యం గరుకు అస్సలు పడలేదు, వేలు పెట్టగానే వెనక్కి లాక్కున్నాడు. పలక మీద తడివేలితో రాయించాను. నీటి గీత ఆరిపోయేలోగా ‘మ’ అని పలకాలని పందెం. పది నిమిషాలు కదలకుండా కూర్చున్నాడు!

అయితే లేబుల్ తీసేస్తే చదువు రాదు, కూర్చోవడం తేలికవుతుంది అంతే. అక్షరానికి శబ్దం జోడించడం రోజూ విడిగా నేర్పాల్సిందే. కళ్లు, చెవులు పరీక్ష చేయించండి. రంగు కళ్లద్దాలు పెడితే డిస్లెక్సియా (తెలివి ఉన్నా చదవడం కష్టమయ్యే ఇబ్బంది) తగ్గుతుందంటే డబ్బు పోయకండి, అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2009లోనే వాటికి ఆధారం లేదని చెప్పింది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఈ అభ్యసన ఇబ్బంది కూడా ఉంది. పరీక్షల్లో అదనపు సమయం కావాలంటే ఈ ఇబ్బంది ఉందని చెప్పే సర్టిఫికెట్ సంగతి ముందే బడిలో అడగండి. వెళ్లేటప్పుడు మీ నోట్‌బుక్ కూడా పట్టుకెళ్లండి.