పాపాన్ని పేరు పెట్టి ఒప్పుకోండి
రాత్రి ప్రార్థనలో "ప్రభువా, నా పాపాలన్నీ క్షమించు" అని గంపగుత్తగా అనేస్తే స్వార్థం ఎక్కడిదక్కడే ఉంటుంది. ముందు బైబిల్లో, నన్ను పరిశోధించమని దేవుణ్ణి అడిగే కీర్తన 139:23, 24 నెమ్మదిగా చదివి, ఐదు నిమిషాలు మౌనంగా కూర్చోండి. తర్వాత జరిగింది జరిగినట్టు చెప్పండి: "తమ్ముడి వాటాలో 500 దాచుకున్నాను." దానికి "ఏం చేయను, ఇబ్బందుల్లో ఉన్నాను" అని తగిలించారా, అది ఒప్పుకోలు కాదు, సంజాయిషీ. చాలామంది ఇక్కడే జారిపోతారు.

తెల్లారగానే సొమ్ము తిరిగిచ్చేయండి. సంఖ్యాకాండము 5:7లో ఇశ్రాయేలీయులకు చెప్పినట్టు అసలుకు ఐదో వంతు కలిపి, 500కు 600. యేసును కలిసిన పన్ను వసూలుదారు జక్కయ్య అయితే, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నాడు! ఆ అదనపు వంద ఇచ్చేటప్పుడు మనసు పీకుతుంది చూడండి, స్వార్థం వేరు కదులుతున్నది అప్పుడే. ఇచ్చిన సంగతి మాత్రం ఆదివారం చర్చిలో అందరి ముందు చెప్పే సాక్ష్యంలో చెప్పకండి. పొగడ్త రుచి తగిలితే స్వార్థం ఇంకో దారిన వస్తుంది.