ఉత్తమ పురుషలో రాసినా భయం పుట్టని కథ: దృష్టికోణం ఎక్కడ చెడింది?

సమస్య: గోతిక్ కథ (పాత కోటలు, బంగళాలు, రహస్యాలతో భయపెట్టే కథ) రాయమంటే విద్యార్థి ‘నేను’తోనే రాసుకొచ్చాడు. పాత బంగళా, కిర్రుమనే తలుపు, ఆరిపోయే దీపం, అన్నీ ఉన్నాయి. చదివితే మాత్రం ఒంటిమీద ఒక్క వెంట్రుక కూడా లేవదు.

వెంటనే “ప్రథమ పురుషలోకి (‘అతను’, ‘ఆమె’లోకి) మార్చి చూడు” అనకండి. వర్క్‌షాపుల్లో అందరూ రాసిచ్చే మందు అదే, దానితో నయమైన కథ తక్కువ. ముందు చేయాల్సిన పరీక్ష మరీ తేలిక, అందుకే కాబోలు ఎవరూ చేయరు. ప్రతి వాక్యం పక్కన పెన్సిల్‌తో “ఇది ఎవరికి తెలుసు? ఎప్పటికి తెలుసు?” అని రాయించండి. జవాబు దొరకని చోటే చిక్కుంది.

లక్షణం: “నా ముఖం పాలిపోయింది.”
కారణం: అద్దం లేకుండా తన ముఖం తానే చూస్తున్నాడు.
పరిష్కారం: ఒంట్లో తెలిసేదే రాయించండి. నోరు ఎండిపోవడం, వేళ్లు చల్లబడటం. అయిదు నిమిషాల పని.

లక్షణం: ఒకే పేరాలో ఇద్దరి మనసుల్లో మాటలు.
కారణం: దయ్యం మనసులో ఏముందో కూడా చెప్పేయాలన్న తొందర.
పరిష్కారం: బ్రామ్ స్టోకర్ నవల ‘డ్రాక్యులా’ (1897) చూపించండి. జోనాథన్, మినా, లూసీ, డాక్టర్ సీవార్డ్ అందరూ డైరీలు రాస్తారు. రక్తం తాగే కౌంట్ డ్రాక్యులాకి మాత్రం ఒక్క డైరీ పేజీ కూడా లేదు. అతని మనసు మనకి తెలియకపోబట్టే భయం.

లక్షణం: పైవన్నీ సరిగ్గానే ఉన్నాయి, అయినా కథ చప్పగా ఉంది.

అసలు దొంగ ఇక్కడుంటాడు. ‘నేను’లో ఇద్దరుంటారు: ఆ రాత్రి గదిలోకి వెళ్లినవాడు, తర్వాతెప్పుడో కూర్చుని చెబుతున్నవాడు. ముగింపు తెలిసిన రెండోవాడు మొదటివాడి నోట్లో మాటలు పెట్టేస్తాడు. “ఆ శాపగ్రస్తమైన గదిలోకి మామూలుగానే అడుగు పెట్టాను.” అడుగు పెట్టేసరికి శాపం సంగతి అతనికెలా తెలుసు? వ్యాకరణం తప్పలేదు, పురుష మారలేదు, కాబట్టి దిద్దేవాళ్ల కంటికి ఆనదు. ఎక్కువసార్లు ఒక విశేషణంలో దాక్కుని ఉంటుంది.

దీనికి రెండు కథలు పక్కపక్కన పెట్టి చెప్పాలి. ‘డ్రాక్యులా’లో కౌంట్ కోటకి బయల్దేరిన జోనాథన్ హార్కర్ డైరీ మే 3న, దారిలోని బిస్ట్రిట్జ్ ఊళ్లో మొదలవుతుంది. దారిలో తిన్న కోడికూర బాగుందని, కాబోయే భార్య మినా కోసం ఎలా వండాలో కనుక్కోవాలని రాసుకుంటాడు. కోటలో ఏముందో ఆ రోజు అతనికి తెలియదు. భయమంతా పాఠకుడిదే. ఎడ్గార్ అలన్ పో రాసిన ‘ద టెల్-టేల్ హార్ట్’ (1843) దీనికి పూర్తిగా ఎదురు. హత్య అయిపోయింది, కథకుడికి అంతా తెలుసు, దాచడు కూడా. తనకి పిచ్చిలేదని నిరూపించుకోవడమే అతని ఆరాటం. ఏడు రాత్రులు ఎంత మెల్లగా తలుపు తీశాడో గొప్పగా చెప్పుకుంటుంటే మనకి ఇంకేదో అర్థమవుతుంది.

ముందే తెలియడం తప్పు కాదన్నమాట. ఎప్పుడు, ఎక్కడ నిలబడి చెబుతున్నాడో తేల్చుకోకపోవడమే తప్పు.

పరిష్కారం: కథలోకి రాని మూడు వాక్యాలు వేరే కాగితం మీద రాయించండి. కథకుడు ఇప్పుడు ఎక్కడున్నాడు? జరిగి ఎన్నాళ్లయింది? ఎవరికి, ఎందుకు చెబుతున్నాడు? తర్వాత డ్రాఫ్టులో అప్పుడు తెలిసినవాటికి ఒక రంగు, తర్వాత తెలిసినవాటికి ఇంకో రంగు. డైరీ కథైతే ఆ పూట రాసేసరికి తెలియనిదంతా కొట్టేయాలి. తర్వాత చెబుతున్న కథైతే రెండో రంగు ఉండొచ్చు, కానీ చెప్పేవాడి అవసరం ఆ మాటలో కనపడాలి. కనపడకపోతే అదీ పోవాల్సిందే. కోత విశేషణాలతో మొదలుపెట్టండి.

ఒక భార్య రహస్యంగా రాసుకునే డైరీలా సాగే ‘ద యెల్లో వాల్‌పేపర్’ (1892)ని మాత్రం మొదటి పాఠంగా పెట్టకండి. భర్త వస్తున్నాడని కాగితాలు దాచేసే ఆమె, చివర్లో నేలమీద పాకుతూ ఎప్పుడు రాసినట్టు? వాదనకి భలే కథ, కొత్తవాళ్లకి మాత్రం తలనొప్పి.

మిగతావి అరుదు. ‘ఫ్రాంకెన్‌స్టైన్’ (1818)లాగా ఉత్తరంలో కథ, కథలో కథ పెట్టి తికమకపడితే లోపలి పొర ఒక్కటే ముందు రాయించండి. “నా కథకుడు అబద్ధాలకోరు సార్, అందుకే పొంతన లేదు” అంటే ‘ద టర్న్ ఆఫ్ ద స్క్రూ’ (1898)లో చెరువు దగ్గరి సన్నివేశం చదివించండి. అక్కడ తనకి దయ్యం కనిపిస్తోందంటుంది కథ చెప్పే గవర్నెస్ (పిల్లలకి ఇంట్లో చదువు చెప్పే ఆవిడ). తనకేమీ కనపడలేదని ఇల్లు చూసుకునే మిసెస్ గ్రోస్ అన్న మాటని ఆ గవర్నెస్సే స్వయంగా రాసి పెట్టింది. కథకుడి మాటకి ఎదురు నిలిచే అలాంటి సాక్ష్యం తన డ్రాఫ్టులో ఏ పేజీలో ఉందో చూపించమనండి.