గ్యాసిఫయర్ మొరాయిస్తే ముందు కట్టె చూడండి

అనంతపురం చుట్టుపక్కల సామిల్లు ముక్కలకు, సర్కారు తుమ్మ కట్టెకు కొదవ లేదు. గ్యాసిఫయర్ అంటే కట్టెను చాలీచాలని గాలితో కాల్చి, ఇంజిన్ నడిపే గ్యాస్‌గా మార్చే పొయ్యి. గ్యాస్‌ను కింది నుంచి లాగితే అది డౌన్‌డ్రాఫ్ట్ రకం. వాటితో ఈ రకం గ్యాసిఫయర్ నడిపి కరెంటు తీసేవాళ్లకు వచ్చే ఇబ్బందులు ఇవి. ఏ ఇబ్బంది వచ్చినా ఇంజిన్ విప్పే ముందు కట్టె చూడండి.

తెల్లటి పొగ వస్తుంది, గ్యాస్ అంటుకోదు

కట్టె పచ్చిగా ఉంది. తేమ 20 శాతం లోపు ఉండాలి. కిలో ముక్కలు తూచి, 105 డిగ్రీల ఓవెన్‌లో బరువు తగ్గడం ఆగేదాకా ఆరబెట్టండి. 800 గ్రాముల కన్నా తక్కువకు దిగితే ఆ కట్టె పనికిరాదు. మన ఎండలకు కట్టె బాగానే ఆరుతుంది, చిక్కంతా సెప్టెంబరు, అక్టోబరు వానల్లోనే. గ్యాస్‌లోని శక్తిలో కరెంటుగా మారేది మూడో వంతు కూడా ఉండదు. మిగతాది సైలెన్సర్, రేడియేటర్ గుండా వేడిగా పోతుంది. రేడియేటర్ వేడిగాలిని కట్టె షెడ్డులోకి మళ్లిస్తే వానాకాలం గట్టెక్కుతుంది. సైలెన్సర్ పొగను మాత్రం నేరుగా వదలొద్దు.

వాల్వులకు నల్లటి జిగురు, పొద్దున ఇంజిన్ పట్టేస్తుంది

అది తారు. పచ్చి కట్టె ఒక కారణం. రెండోది చాలామందికి తట్టదు, మాకూ తట్టలేదు. రెండుసార్లు హెడ్ విప్పి శుభ్రం చేశాక తెలిసింది: రాత్రంతా నాలుగు లైట్ల కోసం నడుపుతున్నాం. లోడు తక్కువైతే లోపల వేడి పడిపోతుంది, తారు విడిపోకుండా గ్యాస్‌తో పాటే ఇంజిన్‌లోకి వస్తుంది. చిన్న లోడు మీద గంటల తరబడి నడపొద్దు. గ్రేట్ (పొయ్యి అడుగున ఉండే ఇనుప జల్లెడ) మీద బొగ్గు తగ్గితే నింపండి. గ్యాస్‌ను బయట వెలిగించి చూసి, మంట నిలకడగా మండేదాకా ఇంజిన్‌కు ఇవ్వొద్దు.

కాసేపు బాగా నడిచి లోడు పడిపోతుంది

ముక్కలు ఒకదానికొకటి అడ్డుపడి పైనే నిలిచాయి, కింద ఖాళీ. ముక్క ఒకటి రెండు అంగుళాలుండాలి. శెనక్కాయ పొట్టు తేలిక, తొందరగా ఇరుక్కుంటుంది. పైగా మట్టి ఉంటే గ్రేట్ మీద చిట్టెం కడుతుంది. దాన్ని జల్లించి, ఇటుకలుగా నొక్కించి వాడండి. ఇరుక్కున్న ముక్కలను కడ్డీతో పొడవడానికి మూత తీసేటప్పుడు ముఖం దూరంగా పెట్టుకోండి, గ్యాస్ భగ్గుమనొచ్చు.

కట్టె ఎక్కువ తింటుంది

యూనిట్‌కు ఆరిన కట్టె కిలో నుంచి కిలోన్నర చాలు. రెండు కిలోలు దాటితే, తేమ సరిగానే ఉంటే, అతుకుల్లో గాలి చొరబడుతోంది. నిప్పు వేయకముందు, అంతా చల్లగా ఉన్నప్పుడు బ్లోయర్ (గ్యాస్‌ను లాగే ఫ్యాన్) కాసేపు ఆడించి పాత గ్యాస్ పోనివ్వండి. తర్వాత అతుకుల దగ్గర అగరబత్తి పట్టండి. పొగను ఎక్కడ లోపలికి లాగితే అక్కడే ప్యాకింగ్ మార్చాలి.

నడిపే మనిషికి తలనొప్పి, కళ్లు తిరగడం

దీన్ని అలసట అనుకోవద్దు. ఈ గ్యాస్‌లో దాదాపు 20 శాతం కార్బన్ మోనాక్సైడ్, దానికి వాసన ఉండదు. మనిషిని వెంటనే బయటి గాలికి తీసుకెళ్లి ఆసుపత్రికి చేర్చండి. షెడ్డుకు రెండు వైపులైనా గోడ లేకుండా చూడండి, కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టండి. రాత్రి షిఫ్టులో ఎవరినీ గ్యాసిఫయర్ పక్కన పడుకోనివ్వొద్దు.