నదీరేవును నడపడం, పెంచడం ఎలా: డూయిస్‌బర్గ్ ఉదాహరణ

నదీరేవు ఎంత సరుకు పంపగలదో దాని క్రేన్ల సంఖ్యను బట్టి తేలదు. ఓడ గమ్యం చేరేలోపు దాటవలసిన దారిలో అన్నిటికంటే లోతు తక్కువైన చోటును బట్టి తేలుతుంది. అందువల్ల రేవును నడపదలచినవారైనా, విస్తరణ ప్రణాళిక రాయవలసినవారైనా మొదట నది గేజిని, అంటే నీటిమట్టం చూపే కొలబద్దను, చదవడం నేర్చుకోవాలి. జర్మనీలో రైన్, రూర్ నదులు కలిసే చోట, 1716లో రూరోర్ట్ దగ్గర చిన్న రేవుగా మొదలై నేడు ప్రపంచంలోని అతిపెద్ద నదీరేవుల్లో ఒకటిగా నిలిచిన డూయిస్‌బర్గ్ ఇందుకు మంచి ఉదాహరణ.

డూయిస్‌బర్గ్ నుంచి ఎగువన మాన్‌హైమ్‌కో, బాజెల్‌కో వెళ్లే ఓడ కౌబ్ అనే ఊరి దగ్గరి రాతి అడుగును దాటాలి. అక్కడి గేజి చూపే అంకె నీటి లోతు కాదు. కొత్తగా వచ్చినవారు తరచుగా పొరబడేది ఇక్కడే. గేజి 78 సెంటీమీటర్లు చూపినప్పుడు నౌకామార్గంలో 190 సెంటీమీటర్ల లోతు ఉంటుందని లెక్క కాబట్టి, ఏ రోజైనా గేజి అంకెకు 112 కలిపితే లోతు వస్తుంది. ఉదయం గేజి 150 చూపిందనుకుందాం: లోతు 262, అడుగు రాయికి తగలకుండా 30 వదిలితే ఓడ 232 సెంటీమీటర్ల వరకు మునిగేలా సరుకు ఎక్కించవచ్చు. 110 మీటర్ల పొడవు, 11.4 మీటర్ల వెడల్పు గల ఓడ పది సెంటీమీటర్లు మునగాలంటే, ముందువెనుకల ఒంపు తీసేయగా, ఇంచుమించు 110 టన్నుల బరువు కావాలి. అంటే నీరు అర మీటరు తగ్గితే ఒక్కో ఓడ మీద 550 టన్నులు, లారీకి 25 టన్నుల చొప్పున 22 లారీల సరుకు, గట్టు మీదే మిగిలిపోతుంది. 2018 అక్టోబరు 22న కౌబ్ గేజి 25కు పడిపోయింది. ఆనాటి లోతు ఎంతో పై లెక్క ప్రకారం పాఠకులే కట్టి చూస్తే, ఆ శరదృతువులో రైన్ ఒడ్డు కర్మాగారాలు ముడిసరుకు కోసం ఎందుకు అల్లాడాయో అర్థమవుతుంది.

కాబట్టి ఎక్కింపు పట్టికను నేటి గేజిని బట్టి కాక, ఓడ ఆ చోటుకు చేరే రోజు అంచనాను బట్టి తయారుచేయాలి. నీరు తగ్గినప్పుడు అదనపు రుసుము ఎంతో గేజి మెట్ల వారీగా ముందే ఒప్పందంలో రాసుకోవాలి. రైన్ మీద ఇది మామూలు ఆచారం. వరద వచ్చినప్పుడు చిక్కు మరో రకం: లోతు పుష్కలంగా ఉంటుంది గాని వంతెనల కింద ఎడం తగ్గిపోతుంది, అందుచేత కంటెయినర్లను ఒక వరుస తక్కువగా పేర్చవలసి రావచ్చు. నీటిమట్టం రెండో హెచ్చరిక గుర్తు దాటితే రాకపోకలే ఆగిపోతాయి.

ఇక విస్తరణ. మొదట రేవు లోపలి లోతు చూడాలి. రైన్ తన అడుగును తానే కోసుకుంటూ దిగిపోవడంతో డూయిస్‌బర్గ్‌లో ఓడలు నిలిచే రేవు తొట్లు నదికంటే మెరక అయ్యాయి. 1950, 60 దశకాల్లో అక్కడివారు చేసిన పని వింటే నమ్మబుద్ధి కాదు: రేవు కిందనున్న బొగ్గును లెక్క ప్రకారం తవ్వి తీసి, గట్లతో సహా రేవునంతటినీ దాదాపు రెండు మీటర్లు కిందికి దించారు. అందరి కిందా బొగ్గు ఉండదు గనుక మిగతావారికి పూడికతీతే గతి. దాని ఖర్చును ఒకసారి పెట్టే పెట్టుబడిగా కాక ఏటేటా వచ్చే ఖర్చుగా చూపాలి.

తర్వాతిది స్థలం. కొత్త పొలాల మీద పడేముందు మూతపడిన పరిశ్రమల భూములను వెదకాలి. 1993లో మూతపడిన రైన్‌హౌజెన్ క్రుప్ ఉక్కు కర్మాగారం నేలమీదే 265 హెక్టార్ల లాగ్‌పోర్ట్ అనే సరుకు రవాణా కేంద్రం వెలసింది; ఒకప్పుడు బొగ్గు దించిన దీవిలో 2022లో కంటెయినర్ టెర్మినల్ పనులు మొదలయ్యాయి. ఆ స్థలంలో నీరు, రైలు, రోడ్డు మూడూ కలవాలి. 2011 నుంచి చైనాలోని చోంగ్‌చింగ్ నుంచి రైళ్లు ఇక్కడికి రావడానికి కారణం, దిగిన పెట్టెను అక్కడే ఓడకో లారీకో మార్చగలగడం.

ఈ పద్ధతి మన కృష్ణకూ వర్తిస్తుంది. జాతీయ జలమార్గం 4లో తొలిదశగా ఎంచుకున్న ముక్త్యాల–విజయవాడ మార్గంలో లోతు పులిచింతల నుంచి వదిలే నీటి మీద, ప్రకాశం బ్యారేజి దగ్గర నిలిపే మట్టం మీద ఆధారపడుతుంది. వేసవిలో కాలువలు కట్టేస్తే పడవలు లాకుల దగ్గర ఆగిపోయిన సంగతి డెల్టా పెద్దలకు తెలిసిందే. అందుచేత జెట్టీకి టెండరు పిలిచేముందు గత పదేళ్ల నీటిమట్టాలను రోజువారీగా తీసుకుని, బార్జి నిండు బరువుతో, సగం బరువుతో, అసలు కదలలేని రోజులు నెలకు ఎన్నెన్నో విడివిడిగా లెక్కగట్టి, ఆ పట్టికను ప్రణాళిక మొదటి పేజీలోనే పెట్టాలి.